బిల్డ్ అయిందంటే అంతా వచ్చినట్టు కాదబ్బా

ఏదన్నా సాఫ్ట్‌వేర్‌ని సోర్సు కోడ్ నుంచి మన మెషీన్లోనే కంపైల్ చేసి కట్టుకునేటప్పుడు, అంటే బిల్డ్ చేసేటప్పుడు, ఎర్రర్ కొట్టి ఆగిపోతే నాకు పెద్ద బాధ ఉండదు. ఏం తక్కువైందో అదే చెప్తాది, ఆ లైను కాపీ చేసి వెతికితే ఏ ప్యాకేజీ వేయాలో తెలుస్తాది, వేస్తాం, మళ్ళీ నడుపుతాం, అంతే. నా భయమంతా ఒక్క ఎర్రర్ కూడా లేకుండా చక్కగా పూర్తయిపోయే బిల్డుల మీదే. లోపల సగం సామాను లేకుండానే పూర్తయిపోయి ఉంటాది, ఆ సంగతి మనకి వారానికో నెలకో ఇంకెక్కడో బయటపడతాది, అప్పుడు మనం వెతికేది కూడా తప్పు చోట వెతుకుతాం.

పైథాన్ భాషనే తీసుకోండి. 3.11 వరకు సోర్సు తెచ్చుకుని మేక్ అనే బిల్డ్ కమాండ్ కొడితే చివర్లో "పైథాన్ బిల్డ్ ఫినిష్డ్ సక్సెస్‌ఫుల్లీ" అని ఆశ్చర్యార్థకంతో సహా వస్తాది. దాని కిందే ఇంకో లైను, ఫలానా ఆప్షనల్ మాడ్యూల్స్‌కి (లేకున్నా పైథాన్ నడిచే అదనపు భాగాలకి) కావాల్సినవి దొరకలేదు అని, ఆ కింద పేర్లు: ఎస్క్యూలైట్3, బీజెడ్2, ఎల్జెడ్ఎంఏ, సీటైప్స్, రీడ్‌లైన్, టీకింటర్... మొదటి లైను చూసి అందరూ టీ తాగడానికి లేస్తారు, రెండో లైను ఎవురూ చదవరు. 3.12 నుంచి ఆ చెకింగ్ వేరే స్క్రిప్టులోకి పోయింది గానీ ఆ దొరకని లిస్టు మాత్రం అట్టనే వస్తాది.

ఇది ఎందుకంటే పైథాన్‌లో కొన్ని మాడ్యూల్స్ సీ లైబ్రరీల మీద ఆధారపడి ఉంటాయి, హెచ్‌టీటీపీఎస్ కావాలంటే ఓపెన్ఎస్ఎస్ఎల్, ఎస్క్యూలైట్ కావాలంటే ఎస్క్యూలైట్ లైబ్రరీ, సీటైప్స్ కావాలంటే లిబ్‌ఎఫ్ఎఫ్ఐ. చాలామంది అడిగేది ఏందంటే "ఓపెన్ఎస్ఎస్ఎల్ నా మెషీన్లో ఉందే, కర్ల్ బానే నడస్తా ఉందే" అని. ఉంది, నడిపేదానికి కావాల్సిన ఫైల్ ఉంది. కంపైల్ చేసేదానికి హెడర్ ఫైల్స్ (లైబ్రరీలో ఏమేమున్నాయో కంపైలర్‌కి చెప్పేవి) కావాల, ఉబుంటు, డెబియన్ వాళ్ళు వాటిని విడిగా పెడతారు, పేరు చివర డెవ్ అని ఉంటాది, లిబ్‌ఎస్ఎస్ఎల్-డెవ్, లిబ్‌ఎఫ్ఎఫ్ఐ-డెవ్ ఇట్టా. హెడర్ దొరక్కపోతే, బిల్డ్‌కి ముందు ఏమేమున్నాయో చూసే కాన్ఫిగర్ స్క్రిప్టు "సరే ఈ మాడ్యూల్ వద్దనుకుంటున్నాడేమో" అని వదిలేసి ముందుకి పోతాది. దాని ఉద్దేశం మంచిదే, కిటికీలు, బటన్లు గీసే టీకింటర్ సర్వర్లో ఎవురికి కావాల? కానీ డెస్క్‌టాప్ మీద కూర్చున్న మనకి అది మౌనంగా చేసిన మోసం లాగే ఉంటాది.

ఇంకోటి, తర్వాత ఆ డెవ్ ప్యాకేజీ వేసుకున్నా ప్రయోజనం లేదు, ఆల్రెడీ కట్టేసిన పైథాన్‌కి అది తెలియదు. మళ్ళీ మొదట్నుంచి బిల్డ్ చేయాల్సిందే. ఈ ఒక్క ముక్క ఎవురూ చెప్పక "ప్యాకేజీ వేశాను కదా ఇంకా ఎస్క్యూలైట్ లేదంటాది ఏందిరా" అని రాత్రంతా కొట్టుకున్న పిలకాయల్ని చూశాను.

నేను వాడేది ఎక్కువగా పైఎన్వ్, ఒకే మెషీన్లో వేర్వేరు పైథాన్ వర్షన్లు కట్టి పెట్టుకునే సాధనం. ఇది రూబీ వాళ్ళ ఆర్‌బీఎన్వ్ నుంచి ఫోర్క్ చేసి మార్చుకున్నది. పద్ధతి చాలా సాదా: పాత్ (కమాండ్ల కోసం సిస్టమ్ వెతికే ఫోల్డర్ల లిస్టు) ముందు భాగంలో షిమ్స్ అని ఒక ఫోల్డర్ పెడతాది, మనం పైథాన్ అని కొడితే ముందు ఆ షిమ్ లేస్తాది, మనం ఉన్న ఫోల్డర్లో (లేకపోతే పైన ఫోల్డర్లలో) డాట్ పైథాన్-వర్షన్ అనే ఫైల్ ఉందా చూస్తాది, అందులో 3.8 అని ఉంటే 3.8 ని, 3.12 అని ఉంటే 3.12 ని పిలుస్తాది. ఎస్ఎస్ఎల్ లేకపోతే పైఎన్వ్ గట్టిగానే అరిచి ఇన్‌స్టాల్ ఆపేస్తాది, అది మంచి పని. మిగతావాటికి మాత్రం వార్నింగ్ ఇచ్చి ఊరుకుంటాది, ఎస్క్యూలైట్3 ఎక్స్‌టెన్షన్ కంపైల్ కాలేదు అని, అంతే. వార్నింగ్‌ని వార్నింగ్ లాగ ఎవురు చూస్తారు చెప్పండి.

జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ వాళ్ళకి ఈ గోల తక్కువ, పైఎన్వ్ లాగ వాళ్ళకుండే ఎన్వీఎం మామూలుగా రెడీమేడ్ బైనరీ దించుకుంటాది, బిల్డ్ అనే మాటే ఉండదు.

ఇప్పుడు అసలు ఇదంతా ఎందుకు రాస్తా ఉన్నానంటే మా చిన్నాయన ప్రెస్సు. తిరపతిలో గాంధీ రోడ్డుకి కొంచెం లోపలగా, శుభలేఖలు, విజిటింగ్ కార్డులు, బిల్ బుక్కులు. తిరపతిలో ముహూర్తాలు వస్తే తెలుసు కదా, ఊర్లో వాళ్ళ పెళ్ళిళ్ళు ఒక వైపు, కొండ మీద పెళ్ళి చేసుకుందామని ఎక్కడెక్కడ్నుంచో వచ్చేవాళ్ళు ఇంకో వైపు. కార్డు డిజైన్ అంతా ఇప్పటికీ యూనికోడ్ కాని పాత అను ఫాంట్లతోనే చేస్తారు, అది వేరే లోకం. కానీ కవర్ల మీద పిలుపు పేర్లు, "శ్రీమతి & శ్రీ ఫలానా వారికి" అని ఒక్కో కవరుకి ఒక్కో పేరు, ఆ పనికి మాత్రం చిన్న పైథాన్ ప్రోగ్రాం ఉంది. ఎక్సెల్ షీట్‌లో యూనికోడ్ తెలుగులో పేర్లు ఇస్తే, బొమ్మల పని చేసే పిల్లో అనే పైథాన్ లైబ్రరీతో ఒక్కో పేరుకి బొమ్మ తయారు చేసి ప్రింటర్‌కి ఇస్తాది. డిగ్రీ చదివేటప్పుడు ఒక అబ్బాయి పార్ట్ టైంగా రాసిచ్చినాడు, ఇప్పుడు చెన్నైలో ఉద్యోగం, అడిగితే పాపం ఫోన్ ఎత్తుతాడు గానీ ఏం రాశాడో ఆయప్పకే గుర్తు లేదు.

అది ఉబుంటు 20.04 మీద పైథాన్ 3.8, పిల్లో 8.1 తో నడస్తా ఉండేది. ఆ మెషీన్ పోయింది, కొత్త డెస్క్‌టాప్ వచ్చింది, అందులో 24.04, అంటే పైథాన్ 3.12. సిస్టమ్ బిగించిన వాళ్ళే ప్రోగ్రాం కూడా ఎక్కిస్తామన్నారు. పైథాన్ లైబ్రరీలు ఎక్కించే పిప్‌తో మామూలుగా ఇన్‌స్టాల్ కొడితే "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్మెంట్" అని ఆపేస్తాది, డెబియన్ 12, ఉబుంటు 23.04 నుంచి ఇదే పద్ధతి, సిస్టమ్ పైథాన్ జోలికి రావద్దు అని. దాటాలంటే బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్ అనే ఫ్లాగ్ ఇవ్వాల. ఆ పేరు పెట్టినాయనకి దండం పెట్టాల, ఇంతకంటే ఉన్నదున్నట్టు చెప్పే ఫ్లాగ్ ఇంకోటి చూడలేదు. అది ఇచ్చినా పని కాలేదని వాళ్ళు 3.8 ని సోర్సు నుంచి కట్టి, సిస్టమ్‌లో పైథాన్3 అనే పేరునే దాని వైపు తిప్పేసి పోయినారు.

మర్నాడు చిన్నాయన ఫోన్. "ఒరేయ్ అబ్బయా, ఆ నల్ల పెట్టె తెరుచుకోవడం లేదురా." నల్ల పెట్టె అంటే టెర్మినల్. ఉబుంటులో గ్నోమ్ టెర్మినల్ లేపేది ఒక చిన్న పైథాన్ స్క్రిప్టు, దానికి కావాల్సిన జీఐ మాడ్యూల్ 3.12 కోసం కట్టింది, 3.8 కి దొరకదు. అప్‌డేట్ చేద్దామంటే, ఉబుంటు ప్యాకేజీలు ఎక్కించే ఏపీటీకి చెందిన ఏపీటీ-పీకేజీ మాడ్యూల్ లేదని ఇంకో ఎర్రర్. ఉబుంటు తన సొంత పనులకి పైథాన్ వాడుకుంటాది, దాని కింద నేల లాగేస్తే ఇట్టనే అవుతాది. కంట్రోల్ ఆల్ట్ ఎఫ్3 కొట్టి ఖాళీ స్క్రీన్లో లాగిన్ అయి ఆ లింకు వెనక్కి 3.12 కి తిప్పితే సర్దుకుంది. సోర్సు నుంచి కట్టుకునేవాళ్ళు మేక్ ఇన్‌స్టాల్ బదులు మేక్ ఆల్ట్‌ఇన్‌స్టాల్ వాడండి, అది పైథాన్3 అనే ఉత్త పేరుని ముట్టుకోదు, పైథాన్3.8 అని వర్షన్‌తో మాత్రమే పెడతాది. ఇంకా మేలు, ప్రిఫిక్స్ ఇచ్చి హోమ్ ఫోల్డర్లో పెట్టుకోండి. పైథాన్ సోర్సులో మేక్ అన్‌ఇన్‌స్టాల్ అనేది లేదు, హోమ్‌లో అయితే ఫోల్డర్ తీసేస్తే పీడా పోతాది.

తర్వాత పైఎన్వ్ పెట్టి, పైథాన్‌కి కావాల్సిన డెవ్ ప్యాకేజీలన్నీ ముందే వేసి, 3.8 కట్టి, వర్చువల్ ఎన్విరాన్మెంట్ (ఈ ప్రోగ్రాం లైబ్రరీలకి విడిగా ఒక ఫోల్డర్) చేసి, ఏ లైబ్రరీ ఏ వర్షన్ కావాలో ఆ అబ్బాయి రాసిపెట్టిన రిక్వైర్మెంట్స్ ఫైల్ ఇస్తే అంతా ఎక్కింది. ఎర్రర్ ఒక్కటి లేదు. చిన్నాయన ఎదురుగా టెస్ట్ పేరు కొట్టినాము, "కమల". చక్కగా వచ్చింది. అసలు లిస్టు ఇస్తే మొదటి కవరులోనే శ్రీ విరిగిపోయింది. శ పక్కన పొల్లు, దాని పక్కన ర, గుడి దీర్ఘం ఎక్కడో గాల్లో. వెంకటేశ్వర్లు సంగతి అయితే చెప్పనే వద్దు.

యూనికోడ్‌లో శ్రీ అంటే నాలుగు కోడ్‌లు, శ, పొల్లు, ర, గుడి దీర్ఘం. వీటిని చూసి ఒక్క అక్షరం బొమ్మగా పేర్చాల్సింది సాఫ్ట్‌వేరే, దాన్నే షేపింగ్ అంటారు. ఏ ఒత్తు ఎక్కడ కూర్చోవాల అనేది ఫాంట్‌లో పట్టికలుగా రాసి ఉంటాది, ఆ పట్టికలు చదివి పేర్చేది హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ. ఫ్రీటైప్ ఉత్తగా గ్లిఫ్ బొమ్మ గీస్తాది అంతే, తెలివి దానికి లేదు. అను లాంటి పాత ఫాంట్లలో ఈ సమస్యే రాదు, ఎందుకంటే అక్కడ ఒత్తు ముక్క, దీర్ఘం ముక్క విడివిడిగా మనమే కొట్టి పేరుస్తాం, అచ్చు కూర్చినట్టే. అందుకే ప్రెస్సుల వాళ్ళు ఇంకా వాటిని వదల్లేదు, వాళ్ళని తప్పు పట్టేదానికి లేదు, ఆ ఫాంట్ ఉన్న మెషీన్ ఎక్కడ తీసినా విరగదు కదా. కమల ఎందుకు బాగా వచ్చిందంటే అందులో ఒత్తు లేదు, గుణింతం లేదు, ఒక అక్షరం పక్కన ఇంకో అక్షరం పెడితే చాలు. రమ, సరళ, భరత్ కాకుండా భరత, ఇవన్నీ పాసైపోతాయి. కాబట్టి తెలుగు టెస్ట్ చేయాలంటే శ్రీకాళహస్తి అని కొట్టండి, విరిగేదుంటే అక్కడే విరుగుతాది.

పిల్లో ఈ హార్ఫ్‌బజ్‌ని నేరుగా పిలవదు, రాక్మ్ అనే మధ్యవర్తి ఉంటాది. రాక్మ్ ఉంటే తెలుగు, హిందీ, అరబిక్ అన్నీ సరిగా వస్తాయి. లేకపోతే పిల్లో బేసిక్ లేఅవుట్‌కి దిగిపోతాది, పాత వర్షన్లలో ఒక్క మాట కూడా చెప్పకుండా. ఆ అబ్బాయి పాత మెషీన్లో లిబ్‌రాక్మ్ ప్యాకేజీ విడిగా వేసి పెట్టినాడు, ఆ సంగతి రిక్వైర్మెంట్స్ ఫైల్లో ఎక్కడా ఉండదు కదా, అందులో పిల్లో 8.1 అని మాత్రమే ఉంటాది. పిప్ దించుకునే రెడీమేడ్ వీల్‌లో (ముందే కట్టి పెట్టిన ప్యాకేజీలో) 8.1 వరకు రాక్మ్ లేదు, నడిచేటప్పుడు సిస్టమ్ నుంచి వెతుక్కుంటాది, కొత్త మెషీన్లో అది లేదు. 8.2 నుంచి వీల్‌లోనే పెట్టి ఇస్తా ఉన్నారు. వర్షన్ నంబర్ ఒకటే, కింద ఉన్న సామాను వేరు. ఇక్కడే చాలామంది పప్పులో కాలేసేది, వర్షన్లు పిన్ చేశాం కాబట్టి అంతా అదే అనుకుంటారు.

8.2 తర్వాత కూడా ఒక మెలిక ఉంది. వీల్‌లో రాక్మ్ ఉంటాది గానీ ఫ్రిబిడి అనే ఇంకో లైబ్రరీని నడిచేటప్పుడు సిస్టమ్ నుంచి వెతుక్కుంటాది. అది కుడి నుంచి ఎడమకి రాసే ఉర్దూ, అరబిక్ లాంటివాటి కోసం. మన తెలుగుకి దాంతో సంబంధం లేదు, అయినా అది దొరక్కపోతే రాక్మ్ మొత్తం లేనట్టే లెక్క, మన శ్రీ విరుగుతాది! గ్నోమ్ డెస్క్‌టాప్‌లో ఫ్రిబిడి మామూలుగా ఉంటాది కాబట్టి తెలియదు, అదే ప్రోగ్రాం తీసుకుపోయి చిన్న డాకర్ ఇమేజ్‌లో (కావాల్సినవి మాత్రమే ఉండే బుల్లి సిస్టమ్‌లో) పెడితే తెలుస్తాది.

సరే, 8.1 కి సిస్టమ్‌లో లిబ్‌రాక్మ్ వేస్తే చాలు. 8.2 నుంచి వచ్చినవాటిని సోర్సు నుంచి కట్టించాలంటే పిప్‌కి నో-బైనరీ అని చెప్పాల. అప్పుడు పిల్లో సెటప్ చివర్లో ఒక సమ్మరీ వేస్తాది, జేపెగ్ ఉంది, టిఫ్ ఉంది, రాక్మ్ లేదు ఇట్టా వరసగా, చాలా మంచి పద్ధతి. కానీ పిప్ ఆ అవుట్‌పుట్ అంతా దాచేసి "సక్సెస్‌ఫుల్లీ ఇన్‌స్టాల్డ్" అని మాత్రం చూపిస్తాది. మైనస్ వి ఇస్తేనే బయటికొస్తాది. డెవ్ ప్యాకేజీ మర్చిపోయి ఒకసారి కట్టినారనుకోండి, తర్వాత ప్యాకేజీ వేసి మళ్ళీ ఇన్‌స్టాల్ కొడితే పిప్ తెలివిగా తను ముందు కట్టి దాచుకున్న పాత వీల్‌నే క్యాష్ నుంచి తీసి పెడతాది. ఫోర్స్ రీఇన్‌స్టాల్ అన్నా అదే తీస్తాది. నో-క్యాష్-డిర్ కూడా ఇవ్వాల. ఈ క్యాష్ మహిమ తెలియక ఎంతమంది జుట్టు పీక్కున్నారో ఆ వెంకన్నకే తెలియాల.

కొత్త పిల్లోల్లో ఇంకా మంచి దారి ఉంది, పిప్‌కి మైనస్ పెద్ద సి ఇచ్చి రాక్మ్ ఈక్వల్స్ ఎనేబుల్ అని రాస్తే, లైబ్రరీ దొరక్కపోతే బిల్డ్ ఫెయిల్ అవుతాది. నాకు కావాల్సింది అదే, లేకపోతే లేదని గట్టిగా చెప్పు, సర్దుకుపోవద్దు. ప్రతి లైబ్రరీలో ఇట్టాంటి స్విచ్ ఉంటాదేమో కాన్ఫిగర్ హెల్ప్‌లో వెతకడం ఇప్పుడు నాకు అలవాటైపోయింది.

ప్రోగ్రాం మొదట్లో కూడా మూడు లైన్లు పెట్టినాము, పిల్లో ఫీచర్స్‌లో రాక్మ్ ఉందా అని అడిగి, లేకపోతే అక్కడే ఆగిపోవాల, ఒక్క కవరు కూడా ప్రింటర్‌కి పోకూడదు. తెర మీద పెద్దక్షరాల్లో "రాక్మ్ లేదు, ప్రింట్ వేయొద్దు" అని వస్తాది. చిన్నాయన అది చదివి "రాక్మ్ అంటే ఎవుర్రా, మన దగ్గర పని చేసేటోడా?" అన్నాడు.

ముహూర్తాలు అయినాక కొత్త పిల్లోకి మార్చాల అని ఉంది. పిల్లో 10 లో, అంటే 2023 జులైలో, టెక్స్ట్‌సైజ్ అనే ఫంక్షన్ తీసేసినారు, ఆ ప్రోగ్రాం నిండా అదే. దాని బదులు టెక్స్ట్‌బీబాక్స్ వాడాల, అది వెడల్పు ఎత్తు కాకుండా నాలుగు అంచులు ఇస్తాది, తీసివేత మనమే చేసుకోవాల. అది 8.0 లోనే వచ్చింది కాబట్టి పాత ఎన్విరాన్మెంట్‌లోనే మార్చి చూసుకుని, సరిగ్గా వస్తే అప్పుడు వర్షన్ పెంచొచ్చు. పైథాన్ 3.8 కి 2024 అక్టోబర్‌తో సపోర్ట్ అయిపోయింది, ఎల్లకాలం దాన్నే పట్టుకుని వేలాడలేం. కానీ సీజన్ మధ్యలో నడిచే దాన్ని కెలకడం నాకిష్టం లేదు.

ఇట్టాంటిదే బొమ్మలోని అక్షరాలు చదివే టెసరాక్ట్‌లో కూడా ఉంది, పాత కరపత్రాలు స్కాన్ చేసి తెలుగు టెక్స్ట్ తీద్దామని చిన్నాయన ఆశ. ఉత్తగా చదివించాలంటే బిల్డ్ అక్కర్లేదు, 24.04 లో ఏపీటీలోనే 5.3 ఉంది, తెలుగు డేటాకి టెసరాక్ట్-ఓసీఆర్-టెల్ అని విడిగా ప్యాకేజీ. మన ఫాంట్లతో ట్రైనింగ్ ఇవ్వాలంటేనే సోర్సు పని. అక్కడ ఐసీయూ, పాంగో, కైరో అనే లైబ్రరీల డెవ్ ప్యాకేజీలు లేకపోతే ట్రైనింగ్ టూల్స్ కట్టలేమని కాన్ఫిగర్ ఒక లైను చెప్పి, మిగతాది హాయిగా కట్టేస్తాది. దాని కింద ఉండే, బొమ్మ ఫైళ్ళు తెరిచే లెప్టోనికా లైబ్రరీని లిబ్‌పీఎన్‌జీ-డెవ్ లేకుండా కడితే అది కూడా బానే పూర్తవుతాది, పీఎన్‌జీ బొమ్మ ఇచ్చినప్పుడు మాత్రం తెరవలేనంటాది. అన్నీ సరిగ్గా కట్టినా మొదటిసారి నడిపితే లిబ్‌టెసరాక్ట్ డాట్ ఎస్ఓ డాట్ 5 దొరకలేదు అనొచ్చు, అది బిల్డ్ తప్పు కాదు, యూఎస్ఆర్ లోకల్‌లో కొత్త లైబ్రరీ వచ్చిందని లోడర్‌కి ఇంకా తెలియదు, సుడో ఎల్డీకాన్ఫిగ్ ఒకసారి కొడితే చాలు. ఏ ప్రోగ్రాం ఏ లైబ్రరీని పట్టుకుంటా ఉందో ఎల్డీడీ చెప్తాది, ఏపీటీది ఒకటి, మనం కట్టింది ఒకటి రెండూ ఉన్నప్పుడు ముందు అదే చూడండి.

మేక్ మైనస్ జె (ఒకేసారి ఎన్ని పనులు నడపాలో చెప్పేది) ఇచ్చేటప్పుడు కోర్లు ఎన్నున్నాయి అని మాత్రమే కాదు, ర్యామ్ ఎంతుందో కూడా చూసుకోవాల. పెద్ద సీప్లస్‌ప్లస్ ప్రాజెక్టులకి 8 జీబీ మెషీన్లో అన్ని కోర్లూ ఇస్తే సీసీ1ప్లస్ కిల్డ్ అని వస్తాది, అది కోడ్ తప్పు కాదు, మెమరీ చాలక కెర్నలే చంపేసింది. జె2 ఇచ్చి పక్కన పెట్టేయండి. మే నెల తిరపతిలో మధ్యాహ్నం పూట పెద్ద బిల్డ్ పెట్టకండి, ఫ్యాన్ మోత ఒకటి, కరెంటు పోతే అంతా పోతాది. మామూలు మేక్ అయితే మళ్ళీ కొడితే చాలావరకు ఆగినచోట్నుంచి పట్టుకుంటాది గానీ పైఎన్వ్ టెంప్ ఫోల్డర్లో కడతాది, రీబూట్ అయితే మళ్ళీ మొదటికి.

ఇదంతా చదివి, పైఎన్వ్, పిప్ పనులు రెండూ చేసే యూవీ అనే సాధనం వాడొచ్చు కదా అంటారు, వాడొచ్చు. 2024 లో వచ్చింది, పైథాన్‌ని ముందే కట్టి పెట్టిన బిల్డుల నుంచి దించుతాది, ఎస్ఎస్ఎల్, ఎస్క్యూలైట్ అన్నీ అందులోనే ఉంటాయి, నిమిషంలో పని. కొత్తగా మొదలుపెట్టే వాళ్ళకి నేనూ అదే చెప్తా ఉండా. కానీ అది తీర్చేది పైథాన్ గొడవ వరకే. పిల్లోలో రాక్మ్ ఉందా లేదా అనేది యూవీ కూడా అడగదు, మనమే అడగాల.

నేను ఏ కొత్త ఉబుంటు మీదైనా బిల్డ్ మొదలుపెట్టే ముందు వేసుకునేవి ఇవి: బిల్డ్-ఎసెన్షియల్, ఆ తర్వాత డెవ్‌లు, లిబ్‌ఎస్ఎస్ఎల్, జెడ్‌లిబ్1జి, లిబ్‌బీజెడ్2, లిబ్‌రీడ్‌లైన్, లిబ్‌ఎస్క్యూలైట్3, లిబ్‌ఎఫ్ఎఫ్ఐ, లిబ్‌ఎల్జెడ్ఎంఏ, టీకే. ఇవి పైథాన్‌కి. పిల్లో కట్టాలంటే లిబ్‌జేపెగ్, లిబ్‌ఫ్రీటైప్6. బొమ్మల్లో తెలుగు రాసే పని ఉంటే లిబ్‌రాక్మ్, లిబ్‌హార్ఫ్‌బజ్, లిబ్‌ఫ్రిబిడి కూడా. బిల్డ్-ఎసెన్షియల్ తప్ప అన్నిటికీ చివర డెవ్ తగిలించుకోండి.